రోడ్డు నీళ్లూ, పక్కనే బోరూ



మొన్న నరసరావుపేట నుంచి పిడుగురాళ్ల వెళ్తుంటే వాన పట్టుకుంది. టీకొట్టు కింద తలదాచుకున్నాను. లారీలు ఆగేచోట నీళ్లమీద డీజిలు రంగులు తేలుతూ పక్క పొలంలోకి జారుతున్నాయి. గట్టున బోరు, దాని పక్కనే ఇంకుడు గుంత. రోడ్డు నీళ్లన్నీ అందులోకే మళ్లించారు. "చుక్క కూడా పోనియ్యం సారూ" అన్నాడు రైతు మురిపెంగా. ఏమనను? గుంతలు తవ్వమని ఊరూరా చెప్పిందీ మనమే, ఏ నీళ్లు పట్టాలో చెప్పనిదీ మనమే.

వేసవంతా రోడ్డుమీద పేరుకున్న మురికి తొలి వానలకే కొట్టుకొస్తుంది. టైరు అరిగిన పొడిలో జింకు, బ్రేకుల నుంచి రాగి, ఇంజన్లు కార్చిన ఆయిలు. సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగింది గానీ, అప్పటికే మట్టిలో చేరిన సీసం అంత తేలిగ్గా పోదు. నల్లరేగడి ఈ లోహాల్ని చాలావరకు పైపొరలోనే పట్టి ఉంచుతుంది. గుంత తవ్వితే ఆ కాపలా తీసేసినట్టే.

అందులోనూ మన దాచేపల్లి, పిడుగురాళ్ల, మాచర్ల వైపు అడుగున ఉన్నది సున్నపురాయి. నీళ్లు దాన్ని కరిగిస్తూ నెర్రెల్ని వెడల్పు చేస్తాయి. పల్నాటి యుద్ధం తర్వాత బ్రహ్మనాయుడు ఈ రాతిలోని గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడంటారు కదా! మనిషే దూరగలిగిన రాతిలో నీళ్లకు వడపోత ఎక్కడిది? ఇసుకలో మెల్లగా దిగే నీళ్లు వేరు, నెర్రెలో పరుగెత్తే నీళ్లు వేరు.

రోడ్డు నీళ్లలో ఏముందో ఒక్కోసారి ఆలస్యంగా తెలుస్తుంది. అమెరికాలో సియాటిల్ దగ్గర వాన పడ్డప్పుడల్లా కోహో సాల్మన్ చేపలు గుడ్లు పెట్టకముందే చచ్చేవి. ఎందుకో 2020లో గానీ తేలలేదు. టైరు పగుళ్లివ్వకుండా కలిపే మందు ఓజోనుతో కలిసి విషంగా మారి, రోడ్డు నీళ్లతో వాగుల్లో చేరుతోందట. మన బోర్లలో అదుందని నేననను. మన బోరు నీళ్లలోని ఫ్లోరైడు సంగతీ వేరు, అది రాళ్లలోంచి వచ్చింది, రోడ్డు తెచ్చింది కాదు. నీళ్లు కాచినా లోహాలు పోవన్నది మాత్రం గుర్తుంచుకోండి.

ఇంటికప్పు నీళ్లు గుంతకు పట్టండి, అదీ తొలి వాన వదిలేశాక. రోడ్డు నీళ్లను బోరుకు ఎడంగా, గడ్డి మొలిచిన పల్లంలో నెమ్మదిగా పారనివ్వండి.

"మరి ఈ నీళ్లు యాడికి పొయ్యేది?" అన్నాడు రైతు అంతా విని. గట్టవతల తుంగ పెరిగిన పల్లం చూపించాను. పార తెచ్చి, గుంతలోకి నీళ్లు మళ్లించిన గండి పూడ్చాడు గానీ, గుంతవైపు ఒకటికి రెండుసార్లు దిగులుగా చూశాడు.

మీ ఊళ్లో రోడ్డు నీళ్లు ఎటు పోతున్నాయో రాస్తారుగా?

మీ
పల్నాటి నేస్తం