వెనుకంజ

తెలుగులో ‘వెనుకంజ’ అనే మాటకు గౌరవం తక్కువ. యుద్ధంలో వెనుకంజ వేసినవాడు పిరికివాడు. చదువులో వెనుకబడినవాడు మందమతి. తరగతిలో ఈ మాటకు అర్థం చెప్పవలసి వచ్చినప్పుడెల్లా మాకు అరచేతిలో ఇమిడే ఒక ఆటయంత్రం జ్ఞాపకం వస్తుంది. దానిని వెనుకకు నడిపించడానికి మేము పడిన పాట్లు ముందుకు నడిపించడానికి పడలేదు.

అది 2005వ సంవత్సరం. మేము ఇంటర్మీడియట్ చదువుతున్నాము. జెద్దాలో ఏ.సి. మెకానిక్‌గా పనిచేస్తున్న మా భాయీజాన్ రంజాన్ మాసానికి సెలవుపై ఇల్లు చేరారు. ఆయన సంచిలో సోనీ వారి పి.ఎస్.పి. అనే నల్లని యంత్రం ఉంది. అందులో ఆటలకన్న ఆయనకు ప్రియమైనది మరొకటి ఉండేది. ఆయన గదిలోనే ఉండే మిత్రుడొకరు వ్రాసి ఇచ్చిన చిన్న ప్రోగ్రాము అది. ఇంటికి పోవడానికి ఎన్ని దినాలు మిగిలినవో తెరమీద ఒకే ఒక అంకెగా చూపేది, అంతే. కంపెనీ ఆమోదముద్ర లేని ప్రోగ్రాము గనుక దాని ప్రక్కనే యంత్రం ‘చెడిపోయిన డేటా’ అని ఒక గుర్తు చూపేది. తయారుచేసినవారి దృష్టిలో అది చెడిపోయిన సరుకు. భాయీజాన్‌కు అది తస్బీహ్ వంటిది.

యంత్రం లోపలి స్మృతిలో స్థిరంగా ఉండి, ఏది నడవాలో ఏది నడవరాదో నిర్ణయించే మూల ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. భాయీజాన్ యంత్రంలో ఉన్నది 1.50. ఆ ఏడు మధ్యలో 2.00 విడుదలయింది. దానితో ఇంటర్నెట్ బ్రౌజరు, తెరకు నచ్చిన బొమ్మ పెట్టుకొనే వసతి వచ్చాయి. ఉపవాసపు బడలికతో ఆయన నిద్రపోతున్న ఒక మధ్యాహ్నం, మేము నెట్ సెంటరు నుండి ఆ ఫైలు తెచ్చి ఎక్కించాము. అడిగి చేయవలసిన పని అని తోచనేలేదు. బ్రౌజరు వచ్చింది, అంకె పోయింది. ప్రోగ్రాము మెమొరీ స్టిక్‌లో చెక్కుచెదరక ఉన్నది గాని, కొత్త ఫర్మ్‌వేర్ దానిని నడవనీయదు. పాత 1.50ను తిరిగి ఎక్కించబోతే, తనలో అంతకన్న కొత్తది ఉన్నదని యంత్రం నిరాకరించింది.

భాయీజాన్ కోపగించలేదు. “పోనీలే తమ్ముడూ, ఇంటికి వచ్చేశాను గదా! ఇక లెక్కెందుకు?” అన్నారు. ఆయన నాలుగు తిట్లు తిట్టి ఉంటే మాకు తేలికగా ఉండేది. పండుగ కాగానే మళ్ళీ రెండేళ్ళ కాంట్రాక్టు అని ఇంటిల్లిపాదికీ తెలుసు.

అప్పటికి కొన్ని దినాల క్రితమే, సెప్టెంబరు చివర, ఉత్సాహవంతులైన ప్రోగ్రామర్లు ఒక దారి కనిపెట్టి ఉన్నారు. కావాలని కొలత తప్పించి తయారుచేసిన టిఫ్ చిత్రం ఒకటి ఉంటుంది. 2.00 దానిని చూపబోయి, బొమ్మకు కేటాయించిన చోటు దాటి స్మృతిలోనికి పొర్లిపోతుంది. ఆ సందులోనుండి బయటి ప్రోగ్రాము ప్రవేశిస్తుంది. ప్రవేశించి చేసే పని చాల చిన్నది: యంత్రం తన వయస్సు వ్రాసుకొన్న చోట 2.00ను చెరిపి 1.00 అని వ్రాస్తుంది. ఆ తరువాత కంపెనీవారి 1.50 ఫైలునే ఎక్కించాలి. 1.00 కన్న 1.50 పెద్దది గనుక యంత్రం అంగీకరిస్తుంది. అంటే, వెనుకకు పోతున్నంతసేపూ తాను ముందుకే పోతున్నానని అది నమ్ముతుందన్నమాట!

మాకు భయం లేకపోలేదు. ఆ అక్టోబరులోనే ఇదే పని చేస్తానని చెప్పుకొనే దొంగ ప్రోగ్రాము ఒకటి బయలుదేరి, యంత్రాల మూల ఫైళ్ళను చెరిపివేసింది. అటువంటి యంత్రం మళ్ళీ లేవదు. దానిని ‘ఇటుక’ అనేవారు. (మృతయంత్రాలను లేపగల మార్పిడి బ్యాటరీ 2007లో వచ్చింది; మా అవసరానికి రెండేళ్ళు ఆలస్యంగా.) ఈ దారులలోనే దొంగ ఆటలూ చొరబడినవి గనుక కంపెనీవారు తలుపులు బిగించడాన్ని మేము పూర్తిగా తప్పుపట్టలేము. కాని ఆ తలుపు వెనుక మా భాయీజాన్ అంకె కూడ ఉన్నది.

సహరీకి ఇంకా గంట ఉన్నదనగా మొదలుపెట్టాము. సగంలో కరెంటు పోయింది. బ్యాటరీ నిండుగా ఉన్నందువలన తెర ఆరలేదు. 99 శాతం వద్ద ఆగి, తప్పు జరిగినదని చూపింది. అది మామూలేనని చదివియున్నా చేతులు చల్లబడినాయి. ఆపి, మళ్ళీ వేశాము. తెర చాలసేపు నల్లగానే ఉన్నది. తరువాత వెలిగింది. లోపల 1.50 అని ఉన్నది. ప్రక్కన ‘చెడిపోయిన డేటా’ గుర్తు కూడ తిరిగి వచ్చింది. ఇంతగా సంతోషపెట్టిన దూషణను మేము మరొకటి ఎరుగము.

భాయీజాన్‌కు వెంటనే చెప్పలేదు. చెబితే ఆ లెక్క మళ్ళీ మొదలవుతుంది. ఈద్ గడిచి, ఆయన పెట్టె సర్దుకొంటున్న దినాన యంత్రాన్ని చేతికిచ్చాము. ఆయన ఒక్క క్షణం మావైపు చూసి, మీటలు నొక్కి కొత్త తేదీ వేసుకొన్నారు. తెరమీద 730 అని పడింది.

అమ్మీ వచ్చి, అదేమి అంకె అని అడిగింది.

“ఆటలో వచ్చిన మార్కులమ్మీ,” అన్నారు భాయీజాన్, యంత్రం ఆర్పుతూ.