200 మందిలో నేనెవరిని?

బ్రిటన్‌లో యాభై దాటిన ఆడవాళ్ళకి ఇంటికి ఒక ఉత్తరం వస్తుంది. ఫలానా రోజు, ఫలానా టైముకి వచ్చి మామోగ్రామ్ తీయించుకోండి అని. మనం అడగక్కర్లేదు, పైసా కట్టక్కర్లేదు. డాక్టరు దగ్గర పేరు నమోదై ఉంటే చాలు. యాభై మూడు నిండేలోపు మొదటి పిలుపు, ఆ తర్వాత మూడేళ్ళకోసారి, డెబ్భై ఒకటో పుట్టినరోజు వచ్చేదాకా. 1988 నుంచీ ఈ పద్ధతి నడుస్తోంది. మేముండే ఊళ్ళో అయితే సూపర్‌మార్కెట్ కార్ పార్కింగ్‌లోకే ఓ పెద్ద వ్యాను వచ్చి ఆగుతుంది. పాలూ కూరగాయలూ కొనుక్కుని, ఆ పని కూడా చూసుకుని ఇంటికి పోవచ్చు.

ఉత్తరంతో పాటు ఒక చిన్న పుస్తకం పెడతారు. నన్ను ఆలోచనలో పడేసింది అదే. ఈ పరీక్ష చేయించుకునే ప్రతి 200 మందిలో ఒకరి ప్రాణం దక్కుతుందట. అదే 200 మందిలో ముగ్గురికి మాత్రం, బతికినన్నాళ్ళూ ఏ హానీ చెయ్యని క్యాన్సర్ బయటపడి, అక్కర్లేని వైద్యం జరుగుతుందట. అచ్చు తప్పేమో అనుకుని ఇంకోసారి చదివాను. తప్పు కాదు.

మా వైపు పెళ్ళిలో ఒక బంతికి కూర్చున్న ఆడవాళ్ళని తలుచుకున్నాను. 200 విస్తళ్ళు. అందులో ఒకావిడ ఈ పరీక్ష వల్ల బతుకుతుంది. ముగ్గురు ఊరికే ఆపరేషన్లు చేయించుకుంటారు, కొందరు రేడియేషన్ పెట్టించుకుంటారు, ఏళ్ళ తరబడి మాత్రలు మింగుతారు. మిగతా వాళ్ళలో ఎక్కువమందికి దీనివల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. చిక్కేమిటంటే, ఆ నలుగురిలో ఎవరు ఎవరో వేలు పెట్టి చూపించగల డాక్టరు లేడు. నలుగురూ కూడా “సమయానికి పరీక్ష చేయించుకున్నాను కాబట్టి బయటపడ్డాను” అనే చెబుతారు. ఊరంతా ఆ మాటే విని నమ్ముతుంది. నేనూ అవే కబుర్లు వింటూ ఇంతదాన్నయ్యాను.

అక్కర్లేని క్యాన్సర్ ఏమిటి, క్యాన్సర్ అంటే క్యాన్సరే కదా అని మా ఆయన. నాకూ ముందు అలాగే అనిపించింది. చదివితే తెలిసింది, కొన్ని కణాలు పాలనాళం లోపలే ఉండిపోతాయి, గోడ దాటవు. మామోగ్రామ్‌లో అవి సున్నం చుక్కల్లా కనిపిస్తాయి. వాటిల్లో కొన్ని నిజంగానే ముదురుతాయి, కొన్ని మనిషి వేరే కారణంతో పోయేదాకా అలాగే పడి ఉంటాయి. ముక్క పరీక్ష చేసినా ఏది ఏ రకమో గట్టిగా చెప్పలేరు. అందుకని అందరికీ వైద్యం చేసేస్తారు. అంతకంటే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు?

ఈ లెక్కలు మొదట్నుంచీ ఇంత స్పష్టంగా చెప్పేవాళ్ళు కాదు. లాభం చెప్పినంత గట్టిగా నష్టం చెప్పడం లేదని విమర్శలొచ్చాక, మైకేల్ మార్మట్ అనే ప్రొఫెసర్ ఆధ్వర్యంలో ఒక కమిటీ వేశారు. 2012లో వాళ్ళు తేల్చింది ఇదీ: యాభయ్యో ఏట మొదలుపెట్టి ఇరవై ఏళ్ళ పాటు 10,000 మందిని పిలిస్తే 43 మంది చావు తప్పుతుంది, 129 మందికి అక్కర్లేని వైద్యం జరుగుతుంది. ఆ తర్వాతే పుస్తకం తిరగరాశారు. పోనీ దేశాలన్నీ ఒక మాట మీద ఉన్నాయా అంటే అదీ లేదు. అమెరికాలో ప్రభుత్వం నియమించిన నిపుణుల బృందం 2009లో యాభై నుంచి చాలంది, 2024లో నలభై నుంచే మొదలుపెట్టమంది. 2014లో స్విట్జర్లాండ్ మెడికల్ బోర్డు కొత్తగా ఇలాంటి కార్యక్రమాలు పెట్టొద్దంది. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. అవే పాత ప్రయోగాలు, తూకంలో ఎవరు దేనికి ఎంత బరువు వేస్తారన్న దగ్గరే తేడా.

నాకు ఇక్కడ ఒక స్నేహితురాలుంది. కాకినాడ రంగరాయలో చదివిన డాక్టరు. తను ఈ పరీక్షకి వెళ్ళదు. ఉత్తరం వచ్చినప్పుడల్లా రానని మర్యాదగా ఫోన్ చేసి చెబుతుంది. “గడ్డ తగిలితే ఆ రోజే పరిగెడతానే. ఒంట్లో ఏమీ లేనప్పుడు వెతుక్కుంటూ వెళ్ళను” అంటుంది. ఆవిడ మాటలో లోపం ఎక్కడుందా అని చాలా వెతికాను, దొరకలేదు. ఇదంతా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి చేసే పరీక్ష అన్నది నాకు బుర్రకెక్కింది ఆవిడ వల్లే. గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి పోయినా, రక్తం కారినా ఇక ఈ 200 లెక్కతో పనిలేదు. అప్పుడు వెళ్ళాలా వద్దా అన్న ప్రశ్నే ఉండదు.

మా పిన్ని విషయంలో అలా జరగలేదు. ఆవిడకి గడ్డ తగిలింది. నొప్పి లేదు కదా అని ఊరుకుంది. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదన్న సంగతి మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు. కూతురి పెళ్ళయ్యాక చూద్దాం అంది, పురుడయ్యాక అంది. ఎవరికైనా చూపించేసరికి చంకలోకి పాకిపోయింది. ఇక్కడి క్లినిక్‌లో నర్సు “మీ పిన్నికి ఎన్నో ఏట వచ్చింది?” అని అడిగితే వెంటనే చెప్పలేకపోయాను. అమ్మకి ఫోన్ చేస్తే, దివిసీమ ఉప్పెన నాటికి దానికి పెళ్ళై ఏడాదే అంటూ మొదలుపెట్టి, వేళ్ళు లెక్కబెట్టి నలభై ఏడో ఎనిమిదో అని తేల్చింది. ఒక్క పిన్నికి ఆ వయసులో వచ్చినంత మాత్రాన మీకు ముప్పు పెద్దగా పెరగదు, అందరిలాగే మూడేళ్ళకోసారి చాలు అంది నర్సు.

చివరికి వెళ్ళాను. పిన్ని కోసమే వెళ్ళానని చెబితే బావుంటుంది గానీ నిజం కాదు. ఆవిడకి కావలసింది మామోగ్రామ్ కాదు, గడ్డ తగిలిన వారంలో బస్సెక్కించే మనిషి. నేను వెళ్ళింది వేరే లెక్క మీద. ఇక్కడ ప్రతి ఫిల్మూ ఇద్దరు చూస్తారు, ఒకరి మీద వదిలెయ్యరు. నూటికి నలుగుర్ని మళ్ళీ పిలుస్తారు, ఆ నలుగురిలో ఒకరికే క్యాన్సర్ తేలుతుంది. ఆ రెండో పిలుపు వచ్చినా స్కానింగూ సూది పరీక్షా డాక్టరు మాటా అన్నీ ఒకే చోట అయిపోతాయి. అనవసరపు ముక్క పరీక్ష నేను తట్టుకోగలను అనిపించింది. స్నేహితురాలు తట్టుకోనంది. అంతే తేడా. పరీక్ష మాత్రం రెండు ప్లాస్టిక్ పలకల మధ్య కాసేపు నొక్కి పట్టడం, ఒక్కో వైపు రెండేసి చొప్పున నాలుగు బొమ్మలు. నొప్పి పుట్టింది. తీసిన అమ్మాయి మాటల్లో పెట్టి మరిపించింది.

ఆ ఏడే తెనాలిలో మా వదినకి ఇంకో రకం పిలుపొచ్చింది. మా మేనల్లుడు బెంగళూరు నుంచి వాళ్ళ పెళ్ళిరోజుకి ‘ఫుల్ బాడీ చెకప్’ ప్యాకేజీ కొన్నాడు. ఆడవాళ్ళ ప్యాకేజీలో మామోగ్రామ్ కలిపారు. ఇంట్లో ఎవరికైనా ఉందా అని అక్కడ ఎవరూ అడగలేదు. ఆ రోజు పౌడరు వేసుకోవద్దనీ చెప్పలేదు. పౌడరు రేణువులు ఫిల్ములో సున్నం చుక్కల్లా కనబడతాయి. సాయంత్రానికి వాట్సాప్‌లో రిపోర్టు వచ్చింది.

“బైరాడ్స్ సున్నా అని ఉందే. సున్నా కదా, ఏమీ లేదనేగా?” అంది వదిన ఫోన్‌లో.

“సున్నా అంటే ఇంకా తేలలేదని వదినా. మళ్ళీ బొమ్మలు తీసి చూడాలని.”

కాసేపు మాట్లాడలేదు. మర్నాడు ఆ సెంటర్‌కి వెళితే, రిపోర్టు ఇచ్చేశాం, మీ డాక్టరుకి చూపించుకోండి అన్నారు. ఏ డాక్టరు? ఆవిడకి షుగర్ మాత్రలు రాసే ఆయన తప్ప ఇంకో డాక్టరు తెలీదు. స్కానింగ్‌కి ఒక చోటు, రాసిమ్మనడానికి ఇంకో చోటు, మధ్యలో ఆదివారం. ఆ వారం వదిన అన్నం సరిగ్గా తినలేదని అన్నయ్య చెప్పాడు. స్కానింగ్‌లో నీటి బుడగ అని తేలింది.

“నీకు ఉత్తరం వస్తుంది, నాకు ఆఫరొస్తుంది” అంది తర్వాత. మిషన్ రెండు చోట్లా ఒకటే. దాని వెనక ఎవరున్నారన్నదే నేను చూడాల్సిందని ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది.

మన దేశంలో ఇంటింటికీ మామోగ్రామ్ పిలుపు లేదు. 2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ముప్పై నుంచి అరవై ఐదేళ్ళ ఆడవాళ్ళకి అయిదేళ్ళకోసారి ఆరోగ్య కార్యకర్తలు చేత్తో పరీక్ష చెయ్యాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ముప్పై నుంచి నలభై తొమ్మిదేళ్ళ వాళ్ళలో ఆ పరీక్ష ఎప్పుడైనా జరిగిందన్నవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. అది చిన్న విషయం కాదు. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్ళు 1998లో మొదలుపెట్టి, లక్షన్నర మందికి పైగా ఆడవాళ్ళ మీద చేసిన అధ్యయనం 2021లో బయటికొచ్చింది. తర్ఫీదిచ్చిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో చూస్తే, యాభై దాటినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపు వాళ్ళలో ఆ లాభం కనబడలేదు. ఇక నెలనెలా అద్దం ముందు నిలబడి ఎవరికి వాళ్ళు చూసుకోవాలన్న సలహా, వాట్సాప్‌లో వారానికోసారి వస్తుంది కదా, షాంఘైలో రెండున్నర లక్షలకి పైగా మిల్లు కార్మికురాళ్ళకి నేర్పించి చూస్తే దానివల్ల చావులు తగ్గలేదు. క్యాన్సర్ కాని గడ్డలకి ముక్క పరీక్షలు మాత్రం పెరిగాయి. స్నానం చేసేటప్పుడు ఏదైనా తేడా తగిలితే దాచిపెట్టకపోవడం వేరే సంగతి. అది మాత్రం వదినకీ కోడలికీ పదే పదే చెప్పాను.

వచ్చే ఏడు ప్యాకేజీ వద్దంది వదిన. నేను వద్దనలేదు. మంచి సర్జన్ని ఒకరిని చూసి పెట్టుకో, ఆయన తీయించమంటేనే తీయించు, పాత ఫిల్ములు పారెయ్యకు, ముందు బొమ్మతో పోల్చి చూస్తేనే కొత్తదానికి విలువ అని మాత్రం అన్నాను. గుంటూరులో ఒకాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన చేత్తో చూసి, ఏమీ లేదు, రెండేళ్ళాగి రండి అన్నాడట. వదిన లేవకుండా, “అప్పుడు ఫిల్ము తీస్తే మీరొక్కరే చూస్తారా, ఇంకొకరు కూడా చూస్తారా?” అని అడిగిందట. ఆయన నవ్వి, “ఎవరమ్మా మీకు ఇవన్నీ చెప్పింది?” అన్నాడట.

నా పేరు చెప్పలేదట. “అవన్నీ ఎందుకండీ, చెప్పండి” అందట.