ఆవిష్కర్త పేరు రాయవలసిన గడి

వృత్తిరీత్యా నేను చేసే పని ఏమిటో మా బంధువర్గంలో ఇంతవరకూ ఎవరికీ సరిగ్గా బోధపడలేదు. అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయంలో, ఆచార్యులు కనిపెట్టినవాటికి పేటెంటు పత్రాలు సిద్ధం చేయించి, వాటిని వాడుకోదలచిన కంపెనీలతో ఒప్పందాలు కుదిర్చే కార్యాలయం ఒకటుంది. అందులో ఒక మూల బల్ల నాది. "అంటే సదువులకు పెండ్లిళ్లు జేసే పేరయ్యవన్నట్టు" అని మా మేనమామ ఒకనాడు తేల్చేశాడు. ఇన్నేళ్ళలో నా ఉద్యోగానికి ఇంతకంటే మంచి నిర్వచనం నాకు దొరకలేదు.

ఇటువంటి పేరయ్యలకు ఒక సంఘం కూడా ఉంది. 1974లో అమెరికా విశ్వవిద్యాలయాల పేటెంటు నిర్వాహకులు పెట్టుకున్నది. 1989లో పేరు మార్చుకుని, ఇప్పుడు ఆటమ్‌గా చలామణీ అవుతోంది. 1980లో బే-డోల్ చట్టం వచ్చి, ప్రభుత్వ ధనంతో చేసిన పరిశోధన మీద హక్కును విశ్వవిద్యాలయాలే అట్టిపెట్టుకోవచ్చునన్న తరువాత మా వృత్తికి దశ తిరిగింది. అటువంటి బిల్లే 2008లో మన రాజ్యసభ ముందుకూ వచ్చింది గానీ, చట్టం కాలేకపోయింది.

అన్నట్టు, ఆ 1974లోనే మన దేశపు మొట్టమొదటి కృషి విజ్ఞాన కేంద్రం పుదుచ్చేరిలో వెలసింది. విశ్వవిద్యాలయపు విద్యను పొలం గట్టు దాకా మోసుకుపోవడం దాని పని. అక్కడ ఒప్పందాలూ లేవు, రాయల్టీలూ లేవు. నేను చదువుకునే రోజుల్లో ఎవరైనా నన్ను అందులో చేరమని ఉంటే చేరేవాడినా? బహుశా చేరేవాడిని కాను. మానుకోట స్టేషనులో గోల్కొండ ఎక్కి ఊరు విడిచినవాడిని, మళ్ళీ పొలం గట్టుకు వెళ్ళడానికి కాదు కదా.

ఇదంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం ఒక మిరపకాయ.

మహబూబాబాద్ దగ్గరి మల్యాలలో జె.వి.ఆర్. ఉద్యాన పరిశోధనా స్థానం ఉంది. కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయానికి చెందినది. (ఆ విశ్వవిద్యాలయం ములుగులో ఉన్నదంటే మా వైపువాళ్ళు మేడారం దారిలోని ములుగనుకుంటారు. అది సిద్దిపేట జిల్లా ములుగు.) ఆ పరిశోధనా స్థానం తోడ్పాటుతో, వరంగల్ జిల్లా తిమ్మంపేట మిర్చి రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ 2022లో చపాటా మిర్చికి భౌగోళిక గుర్తింపు కోరుతూ దరఖాస్తు చేసింది. 2025లో ఆ గుర్తింపు వచ్చింది. భూపాలపల్లి, ములుగు, హనుమకొండ, వరంగల్ జిల్లాల్లో ఇంచుమించు 6,700 ఎకరాల్లో పండే కాయ ఇది. పొట్టిగా, బొద్దుగా టమాటలా ఉంటుంది కనుక టమాట మిర్చి అని కూడా అంటారు. కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. పచ్చడికి దీని రంగు ఎంత అందమిస్తుందో తిన్నవారికి చెప్పనక్కరలేదు. ఆ రంగు కోసమే దీని నుండి ఓలియోరెజిన్ తీసేవాళ్ళూ దీన్ని కొంటారు.

మా మేనమామది భూపాలపల్లి వైపు పల్లె. పోయిన సెలవుల్లో వెళ్ళినప్పుడు, నా విద్యనంతా ఆయన ముందు పరిచాను. ఈ గుర్తింపు ఒక్కరి సొత్తు కాదనీ, దీన్ని అమ్మడానికీ, ఇతరుల పేరిట రాయడానికీ 1999 నాటి చట్టం ఒప్పుకోదనీ, పండించేవాడు అధీకృత వినియోగదారుగా నమోదు చేసుకుంటే ఆ పేరు వాడుకోవచ్చుననీ చెప్పాను.

"కుదువ వెట్టనీకె గుడ రాదా?"

"రాదు మామా."

"మరి గదేం ఆస్తి అల్లుడా?" అని నవ్వాడు. భూమి పత్రాలు ఎక్కడున్నాయో తెలిసినవాణ్ణి కనుక నాకు నవ్వు రాలేదు.

కాసేపాగి అసలు ప్రశ్న వేశాడు. "ఇత్తనం సంగతేంది?"

అక్కడే నేను చిక్కాను. గుర్తింపు కాపాడేది పేరును మాత్రమే. విత్తనం జోలికి అది పోదు. రైతు తన విత్తనం దాచుకునే హక్కు వేరొక చట్టంలో, 2001 నాటి దానిలో ఉంది. ఇక రంగు మాటకొస్తే, నూనెగా మారి సీసాలోకి వెళ్ళిన ఎరుపు మీద చపాటా అన్న పేరుతో ఎవరికీ పని లేదు. పేరు వద్దనుకుని రంగు చాలనుకునేవాణ్ణి ఈ గుర్తింపు ఏమీ చేయలేదు. సంతకాలు పెట్టించే వృత్తిలో ఉన్న నాకు ఇది తట్టడానికి మామ అడగవలసి వచ్చింది.

ఆయన విత్తనం గురించి అడగడానికి కారణం ఉంది. 2021-22లో తామరపురుగు మిరప పూతనంతా రాల్చేసిన ఏడు, మామ తోట పీకేసి ట్రాక్టరు తోలించాడు. అమ్మమ్మ నాటి నుండి బూడిదలో కలిపి కుండలో దాచుకుంటూ వచ్చిన గింజ ఆ ఏడుతో అయిపోయింది. మరుసటేడు ఒక దుకాణంలో చపాటా అని చెప్పి ఇచ్చిన పొట్లం తెచ్చి పోస్తే, సన్నటి పొడుగు కాయ కాసింది. చివరికి వియ్యపురాలు చీర కొంగున కట్టి తెచ్చిన పిడికెడు గింజలతో మళ్ళీ మొదలయింది.

మా కార్యాలయంలో మొదటి పత్రం మీద ఒక గడి ఉంటుంది, ఆవిష్కర్త పేరు రాయడానికి. ఆ గడి ఖాళీగా ఉంటే కాగితం ముందుకు కదలదు. తోటలో ఎర్రగా, బొద్దుగా ఉన్న కాయను ఏరి, "ఇది ఇత్తనానికి" అని పక్కన పెట్టిన అమ్మమ్మ ఆ గడిలోకి రాదు. వియ్యపురాలూ రాదు. భౌగోళిక గుర్తింపు పత్రంలో అసలా గడే లేదు, ఊరూ చరిత్రా ఉంటే చాలు. ఇన్నాళ్ళూ దాన్ని తక్కువరకం హక్కుగా చూసినందుకు కొంచెం సిగ్గుపడ్డాను.

తిరుగు ప్రయాణం ముందురోజు మామ తన ఆధారు కార్డు నా చేతిలో పెట్టి, నమోదు కాగితం నింపమన్నాడు. ఎప్పటి నుండి పండిస్తున్నావు మామా అని అడిగాను.

"మా అమ్మ కాలం కెల్లి అని రాయి. నడుమ ఒక్క ఏడు బందయింది. గది రాయాల్నా?"

అక్కరలేదన్నాను. వియ్యపురాలి పేరు ఎక్కడైనా రాయడానికి చోటుందేమోనని మాత్రం కాగితం రెండువైపులా తిప్పి చూశాడు.