కొండెక్కిన ఇల్లు

డెన్వర్‌ దాటి పడమటికి సాగితే ఐ-70 రహదారి రాకీ పర్వతాలెక్కుతుంది. సుమారు 11 వేల అడుగుల ఎత్తున ఐసెన్‌హోవర్‌ సొరంగం. అక్కడికి మేం వెళ్లింది కారులో కాదు, వంటగదీ పడకలూ ఉన్న మోటార్‌హోమ్‌లో! కొనేముందు ఓ వారం అద్దెకి తీసుకుని చూద్దామన్నారు బావగారు. అది 'గ్యాస్‌' బండి. కంగారుపడకండి, వంటగ్యాస్‌ కాదు. అమెరికాలో పెట్రోలుని అలాగే అంటారు.

ఎత్తు మొదలవగానే రొద. ఇంజిను మా ఇద్దరి సీట్ల మధ్యే ఉందేమో, మాటలు వినిపిస్తే ఒట్టు! లారీల వరసలో చేరి నెమ్మదిగా పాకాం. గాలి పలచబడేకొద్దీ టర్బో లేని పెట్రోలు ఇంజిను బలం తగ్గుతుంది, ప్రతి వెయ్యి అడుగులకీ దాదాపు 3 శాతం. టర్బో డీజిల్‌కి ఆ బాధ తక్కువ. పైగా పెద్ద డీజిల్‌ బండ్లలో ఇంజిను వెనకుంటుంది.

అసలు పరీక్ష దిగుడులో. సొరంగం దాటితే సిల్వర్‌థార్న్‌ దాకా పల్లమే. మాటిమాటికీ బ్రేకు తొక్కితే వేడెక్కి పట్టు సడలుతుంది. బావగారు గేరు తగ్గించి ఆచితూచి దించుతుంటే, వెనక సోఫాలో అక్కయ్య ఆంజనేయ దండకం అందుకుంది. చాలా డీజిల్‌ బండ్లలో పొగ పోయే దారిని బిగించి, ఇంజినుతోనే వేగాన్ని పట్టి ఉంచే ఎగ్జాస్ట్‌ బ్రేకు ఉంటుంది.

కానీ వాటి ధర బాగా ఎక్కువ. ఆయిల్‌, ఫిల్టర్ల ఖర్చూ అంతే. ఏడాదికి రెండు మూడు వారాలు మైదానాల్లో తిరిగేవాళ్లకి పెట్రోలే చాలు. బావగారేమో రిటైరయ్యాక ఏటా ఆర్నెల్లు రోడ్డు మీదే ఉంటానంటారు.

కిందికి దిగి బండి ఆపగానే అక్కయ్య తేల్చేసింది: "పాతదైనా ఫర్లేదండీ, డీజిల్‌దే కొందాం."