ఉభయకుశలోపరి

మా తరంవారికి ఉత్తరం వ్రాయడంలో ఒక క్రమం ఉండేది. కార్డు పైభాగాన ఊరు, తేదీ. దాని క్రింద సంబోధన. ఆ వెంటనే ‘ఉభయకుశలోపరి’. ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాము అన్న అర్థమంతా ఆ ఒక్క సమాసంలో ఇమిడిపోయేది. 1987లో పత్తిపైరుకు తెల్లదోమ తగిలి గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు అప్పుల పాలైనప్పుడు మా బావగారు వ్రాసిన కార్డు నా వద్ద ఇప్పటికీ ఉన్నది. అదీ ‘ఉభయకుశలోపరి’ అనే మొదలయింది. అయిదవ పంక్తిలో పైరు పోయిందనీ, ఏడవ పంక్తిలో అక్క గాజులు కుదువకు వెళ్ళాయనీ ఉన్నది. 1987, 88 సంవత్సరాలలో ఈ నల్లరేగడిలో ఎందరో పత్తిరైతులు ప్రాణాలు తీసుకున్నారు. మా ఇంట అంతదాకా రాలేదు. ఆ కార్డులో మొదటి మాట మాత్రమే చూసి లెక్క వ్రాసుకునేవాడెవడైనా ఉంటే, మా బావగారిని సుఖంగా ఉన్నవారి పద్దులో చేర్చి ఉండేవాడు.

ఏటా మార్చి నెలలో ప్రపంచ సంతోష నివేదిక వెలువడినప్పుడల్లా నాకు ఆ కార్డే గుర్తుకు వస్తుంది. 2012లో ఈ నివేదికలు మొదలయ్యాయి. 2025 నివేదికలో 147 దేశాలకు మన స్థానం 118. ఫిన్లాండు వరుసగా ఎనిమిదవసారి ప్రథమస్థానంలో నిలిచింది. దీనికి మూలమైన ప్రశ్న అమెరికా మనస్తత్వవేత్త హాడ్లీ కాంట్రిల్ రూపొందించినది. ఒక నిచ్చెనను ఊహించుకోమంటారు. అడుగున 0, శిఖరాన 10. మీకు ఊహకందే అత్యుత్తమ జీవితం పైమెట్టు, అధమ జీవితం క్రిందిమెట్టు. మీరు ఏ మెట్టుమీద ఉన్నారు? ప్రశ్న సరళంగానే ఉన్నది. కాని ఆ నిచ్చెన ఎవరి ఊహలో వారిది. హెల్సింకిలోని మనిషి పైమెట్టూ, దర్శిలోని మనిషి పైమెట్టూ ఒకే ఎత్తున ఉంటాయని ఎవరు చెప్పగలరు?

నాది పండితవాదం మాత్రమే అనుకోకండి. ఈ విషయంలో నేను స్వయంగా చేసిన తప్పొకటి ఉన్నది.

2001 ఫిబ్రవరిలో జనగణనకు ఉపాధ్యాయులతోపాటు నన్నూ పంపారు. ప్రకాశం జిల్లా పడమటి భాగంలో ఒక పల్లె నా వంతుకు వచ్చింది. ఆ ప్రాంతపు భూగర్భజలాలలో ఫ్లోరిన్ మెండు. ఆ ఏటి ప్రశ్నపత్రంలో అంగవైకల్యాన్ని గురించిన గడి ఒకటి ఉండేది: చూపుకు 1, మాటకు 2, వినికిడికి 3, చలనానికి 4, మానసికానికి 5. ఒక ఇంటి అరుగుమీద ఒక పెద్దాయన కూర్చొని ఉన్నాడు. వెన్ను విల్లులాగా వంగిపోయింది. మెడ తిరగదు, నన్ను చూడాలంటే మొండెమంతా తిప్పవలసిందే. పళ్ళమీద గోధుమరంగు గార. “పెద్దాయనా, మీకు అవిటితనమేమైనా ఉన్నదా?” అని అడిగాను.

“నాకేం అవిటితనం అయ్యవారూ? కాలూ చెయ్యీ ఉండాయిగా. బాగానే ఉండాను. మా ఊళ్ళో ఈ ఈడువాళ్ళందరం ఇట్టానే ఉంటాం.”

నా ఎదుట ఉన్నది 4 అని నా కళ్ళకు తెలుసు. కాని ఆయన నోట వచ్చిన మాటే ప్రమాణమనుకొని, ఆ అంకె వేయకుండానే తరువాతి గడికి వెళ్ళాను. ఆ వీధిలో అటువంటి ఇళ్ళు ఇంకా కొన్ని దాటాను.

ఆ జనగణన లెక్కల ప్రకారం భారతదేశంలో వికలాంగులు నూటికి 2.13 మంది. అంతకు ముందు ఏడు, అంటే 2000లో, అమెరికా జనగణనలో అయిదేళ్ళు పైబడినవారిలో నూటికి 19.3 మందికి వైకల్యమున్నదని తేలింది. ఈ రెండంకెలను పక్కపక్కన పెట్టి చదివితే అమెరికావారికంటె మనం తొమ్మిదింతలు దృఢకాయులమని మురిసిపోవాలి. అడిగిన ప్రశ్నలు వేరు, ఆ దేశంలో వృద్ధుల పాలు ఎక్కువ అన్న మాట నిజమే. అయినా ఆ అంతరంలో నేను ఖాళీగా వదిలిన గడుల వాటా కూడా ఉన్నది.

అమర్త్య సేన్ 2002లో ఒక వైద్యపత్రికలో ఈ చిక్కునే వివరించారు. అనారోగ్యంగా ఉన్నామని చెప్పుకొనేవారు బీహారులో కంటె కేరళలో ఎక్కువ. కేరళకంటె అమెరికాలో ఎక్కువ. ఆయుర్దాయం చూస్తే వరుస సరిగ్గా తలక్రిందులు. చదువు, వైద్యం అందినచోట మనిషి తన రోగాన్ని రోగమని గుర్తుపడతాడు. అందనిచోట అది వయసు, కర్మ, ఊరి నీళ్ళ గుణం.

మన ప్రాంతపు చరిత్రలోనే దీనికి తిరుగులేని సాక్ష్యమున్నది. మనదేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు తొలిసారి గుర్తించింది 1937లో, నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు అప్పుడు ఆ జిల్లాలోనివే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. అయితే వైద్యులకంటె ముందు ఆ తెగులును పసిగట్టినది రైతులు. మనుషులలో కాదు, ఎద్దులలో! కీళ్ళు బిగిసి ఎద్దులు నడవలేకపోవడం వారి కంటబడింది. అవే నీళ్ళు త్రాగుతున్న తమ ఒళ్ళు సంగతి బయటపడేసరికి ఏళ్ళు పట్టింది. ఎద్దును ఎవరూ కుశలమడగరు. దాని నడక చూస్తారు. అందుకే దాని విషయంలో నిజం ముందు తెలిసింది.

పత్తిచేలదీ ఇదే కథ. మనదేశంలోని మూడు పల్లెలలో 50 మంది పత్తిరైతు స్త్రీలు తమకూ తమ ఇంటి మగవారికీ పురుగుమందు పిచికారీల తరువాత కలిగిన బాధలను నమోదు చేయగా, 2005లో ఆ పరిశోధన ప్రచురితమైంది. వాటిలో కొన్ని నరాలకు సంబంధించిన అతి తీవ్రమైన లక్షణాలు. అయినా ఒక్కరూ వైద్యుని వద్దకు వెళ్ళలేదు. మిరపకోతల రోజులలో చేతుల మంటను గురించి మా ఊరి ఆడవారిని అడిగి చూడండి. “అలవాటైపోయింది” అంటారు.

మరి దేశాలను పోల్చడమే తప్పా? కాదు. పోల్చకపోతే వంగిన వెన్ను ఊరంతటా ఉన్నది గనుక సహజమే అనుకుంటూ ఉండిపోతాము. మార్చవలసినది ప్రశ్న. 2001లోనే ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం ఆధ్వర్యంలో వాషింగ్టన్ గ్రూప్ అనే బృందం ఏర్పడింది. వారు కూర్చిన ఆరు ప్రశ్నలలో ‘వైకల్యం’ అన్న మాటే లేదు. చూడడం, వినడం, నడవడం లేదా మెట్లెక్కడం, జ్ఞాపకం, స్నానం చేసి బట్టలు కట్టుకోవడం, ఎదుటివారితో మాట్లాడి అర్థం చేసుకోవడం: వీటిలో మీకు కష్టమున్నదా? లేదు, కొంత, చాలా, అసలు చేయలేను అని నాలుగు జవాబులు. దాదాపు అదే కాలంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సుమారు 70 దేశాలలో జరిపిన సర్వేలో మరొక ఉపాయం ప్రయోగించారు. ఒక కల్పిత వ్యక్తి నడకలోని ఇబ్బందిని కథగా చెప్పి, అతని పరిస్థితి ఏపాటిదని అడుగుతారు. ఆ జవాబునుబట్టి చెప్పేవాని కొలబద్ద పొడవు తెలుస్తుంది. దానితో అతని సొంత జవాబును సరిచూస్తారు. ఇవిగాక మాట అవసరంలేని కొలతలు ఉండనే ఉన్నాయి. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించిందో లేదో చెప్పడానికి నీటికి మొహమాటం లేదు.

తెలుగు చెప్పినవాణ్ణి గనుక ఒక చిన్న వ్యాకరణ విశేషం కూడా విన్నవించుకుంటాను. ‘ఏ’కారం అవధారణార్థకమని పిల్లలకు నేర్పాను. ‘రాముడే వచ్చాడు’ అంటే మరెవరూ కాదని నిశ్చయం. కాని ‘బాగున్నాను’ కంటె ‘బాగానే ఉన్నాను’ బలమైన మాటా? కాదు గదా! అక్కడ ఆ ఏకారం నిశ్చయాన్ని కాక, మ్రింగుకున్న దేనినో సూచిస్తుంది. ప్రశ్నపత్రంలో ఆ ఏకారానికి గడి లేదు.

మా బావగారు పోయి చాలాకాలమైంది. అక్కతో ప్రతి ఆదివారం ఫోనులో మాట్లాడుతాను. “ఎట్లా ఉన్నావక్కా?” అంటే “బాగానే ఉన్నానురా” అంటుంది. నేను తృప్తిగా పెట్టేస్తాను. మొన్న సంక్రాంతికి ఆమె ఇంటికి వెళ్ళినప్పుడు ఆ ఆరు ప్రశ్నలూ నా మాటలలో వరుసగా అడిగాను. నడక దగ్గర నవ్వింది. మెట్ల దగ్గర కాసేపు ఊరకున్నది. తరువాత, “మేడమీదకు వెళ్ళి రెండేళ్ళయిందిరా. వడియాలు కూడా పక్కింటి పిల్లచేత పెట్టిస్తున్నా. నువ్వెప్పుడూ మెట్ల సంగతి అడగలేదుగా” అన్నది.

రెండేళ్ళంటే నూరు ఆదివారాలు దాటినట్లు.

2027లో జనగణన జరుపుతామని కేంద్రం 2025 జూన్‌లో ప్రకటించింది. మళ్ళీ ఉపాధ్యాయులే ఇంటింటికీ తిరుగుతారు. చిన్నవారైన ఆ మిత్రులకు నా మనవి ఒక్కటే. అరుగుమీది మనిషి బాగానే ఉన్నానంటే కలం వెంటనే కదిలించకండి. నీళ్ళు ఎవరు తెస్తున్నారో, మెట్లు ఎక్కి ఎన్నాళ్ళయిందో అడగండి. దానికి ఒక నిమిషం పడుతుంది. 2001లో నాకు ఆ నిమిషం ఉన్నది, నేను వెచ్చించలేదు.