1951, మా డోర్నకల్ వైపు నుంచి చూస్తే

తెలుగు సినిమాకు 1951 ఎంత గొప్ప ఏడాదో! మార్చిలో ‘పాతాళ భైరవి’, డిసెంబరులో ‘మల్లీశ్వరి’. తోటరాముడూ ఎన్టీఆరే, రాయల కాలపు శిల్పి నాగరాజూ ఆయనే. కృష్ణశాస్త్రి సినిమా పాటల్లోకి వచ్చింది కూడా ‘మల్లీశ్వరి’తోనే.

ఆ రెండు సినిమాల నడుమ, అక్టోబరులో, తెలంగాణ సాయుధ పోరాటం విరమించారు. నవంబరులో మా జంక్షన్ మీదుగా పోయే నిజాం రైల్వే సెంట్రల్ రైల్వేలో కలిసిపోయింది. మా వైపు వాళ్లకు ఆ ఏడాది కథ ఇదే మరి!

ఇక ఊళ్లో కళ అంటే, అప్పటికి పన్నెండేళ్ల వయసున్న ఎపిఫనీ కెథడ్రల్. గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు, పైన సిలువ. బిషప్ అజరయా కట్టించిన ఆ చర్చి ముందు, నన్నడిగితే, ‘పాతాళ భైరవి’లోని మాంత్రికుడి గుహ సెట్టింగు కూడా దిగదుడుపే.