మెడలో టై, చేతిలో సంచి

బి.యస్సీ. పట్టా చేతికి వచ్చాక మా యింట్లో నాకు చూపిన దారులు రెండే: బి.ఇడి. చదివి పంతులు కావడం, లేదా బ్యాంకు పరీక్షలు రాస్తూ కూర్చోవడం. నేను మూడోదారి పట్టాను. మందుల కంపెనీ ప్రతినిధినయ్యాను. రసాయనశాస్త్రం చదివినవాడికి యిది తగిన పనేనని అప్పుడూ అనుకొన్నాను, యిప్పుడూ అనుకొంటున్నాను. ఒక మందు ఎలా పనిచేస్తుందో, ఎవరికి పడదో వైద్యునికి వివరించడం చిన్న విషయం కాదు.

కాని కంపెనీ కొలత వేరు. నెలాఖరున అది అడిగేది ఏం వివరించావని కాదు, ఎంత అమ్మావని. జబ్బులు మన టార్గెట్లు చూసుకొని రావుగదా! 2024 మార్చిలో కేంద్రప్రభుత్వం వెలువరించిన నియమావళి వైద్యులకు కానుకలు కూడదన్నది; మంచిదే. అయితే కానుక మానినంత మాత్రాన టార్గెట్ ఒత్తిడి పోదు.

మెడలో టై చూసి మనవాడు తాను అధికారిననుకొంటాడు. 1961లో సుప్రీంకోర్టు ఒక కేసులో, అమ్మకమే ముఖ్యమైన పని గనుక ప్రతినిధి చట్టరీత్యా కార్మికుడు కాడన్నది. పారిశ్రామిక వివాదాల చట్టం అతనికి వర్తించడానికి 1976లో పార్లమెంటు ప్రత్యేక శాసనం చేయవలసివచ్చింది. అధికారి హోదా యివ్వని రక్షణ కార్మికుడన్న పేరు యిచ్చింది.

కనుక యీ వుద్యోగానికి వెళ్లదలచిన విద్యార్థులకు నేను వద్దని చెప్పను. మందును గురించి కంపెనీ అచ్చువేసిన కాగితంతోపాటు వైద్యగ్రంథం కూడా చదవండి. చేరిన నెలలోనే సంఘంలో సభ్యత్వం తీసుకోండి. రోగికి హాని చేసే అబద్ధం చెప్పమన్ననాడు, కాదనడానికి ఆ రెండూ కావాలి.